ఒక వరుస విడిచి

మా రేకుల చర్చిల
పరలోక ప్రార్థన అందరు ఒక్క గొంతుతోటి చెప్తరు.
అప్పుల మాట వచ్చే కాడ
మా అవ్వ ఒక్కతే నోరు మూసుకుంటది.
రొట్టె దాకా గట్టిగనే అడుగుతది,
శోధన కాడ మళ్ల వచ్చి కలుస్తది.
నడుమ ఆ ఒక్క వరుస
దుందుభి వాగుల నీళ్లెక్కని జాగ లెక్క
పద్దెనిమిదేండ్లు.

పాస్టరమ్మ ఒకపారి మెల్లగ అడిగింది.
"దేవుని ముందర అబద్ధమాడమంటవా?"
అన్నది అవ్వ,
చాటల రాళ్లు ఏరుకుంటనే.

మా అన్న పేరు ఏలియా.
గుంపు మేస్త్రి కుర్మయ్య
ఎర్ర అట్ట బుక్కుల వేలిముద్ర ఏయించుకొని
పదివేలు చేతుల పెట్టి
షోలాపురం అవుతల కాలువ పనికి తోల్కపోయిండు.
ఒక మాపటీలి మట్టికట్ట కూలింది.
లారీల తెచ్చి, చీకట్ల,
ఊరి బయట కల్లం కాడ దించిపోయిండ్రు.
కాళ్లకు ఇంకా ఆ దేశపు నల్లమట్టి.

మూడోనాడు
సమాధిల నుంచి లేచింది మా అన్న గాదు,
బాకీ.
"ఆరువేల నాలుగొందల పని మిగిలిందక్కా"
అన్నడు కుర్మయ్య, చెవి మీది పెన్సిలు తీసి.
రెండు మేకలు పోయినయి.
అవ్వ కాళ్ల కడియాలు పోయినయి.
నా పదో తరగతి.

అదే కుర్మయ్య
ఎడమ చెయ్యి పడిపోయినంక
ఆదివారం ఆదివారం వస్తుండు.
చెప్పులిడిసే కాడ కూసుంటడు.
ఎవరు పిలిచిండ్రో తెల్వది.
నేనైతే పిలువలే.

మొన్న మిరుగు ముంగట ఒక పొద్దుగాల
మా గడప కాడ నిలబడ్డడు,
చంకల ఎర్ర బుక్కు.
"తీరినంక గూడ కొట్టెయ్యలే అక్కా.
నీ చేత్తోటి కొట్టెయ్" అని
పెన్సిలు సాపిండు.

అవ్వకు చదువు రాదు.
ఒక్కొక్క కాగితం తిప్పుకుంట పోయింది.
అన్నీ వేళ్లే.
బీడీ పొగ వాసన, చెమట మరకలు,
ఊదారంగు వేళ్లు, ఎవరెవరి కొడుకులో.
ఒక కాడ ఆగింది.
బొటనవేలు నడుమ తెల్లగీత,
ఎనిమిదేండ్లప్పుడు కొడవలి తెగిన గాటు.
పసుపు అద్ది బట్ట కట్టింది తనే గదా.

మా ఇంట్ల అన్న ఫోటో లేదు.
ఒక్కటి గూడ.
పద్దెనిమిదేండ్లు ఈ పిలగాడు
అప్పుల బుక్కుల పండుకొని ఉన్నడు.

అవ్వ గీత కొట్టలే.
కుట్టు కాడికి వేలుపెట్టి నిమ్మలంగ,
అంచు చిరగకుండ,
ఆ కాగితం తీసుకున్నది.
బైబిలుల పెట్టి
బైబిలును సందుగల పెట్టింది.
కుర్మయ్య ఏడ్చిండు.
అవ్వ ఏడ్వలే.
"కూసో. గట్క తాగి పో" అన్నది.
మంచి చెంబుతోనే నీళ్లిచ్చింది.
ఆయన పోయినంక ఆ చెంబును
శానాసేపు తోమింది, అది గూడ చెప్పాలె.

"మర్చిపోయినవా అవ్వా?" అంటే
"యెట్ల మరుస్త?
యాదికే ఉన్నది.
ఆయన నాకు బాకీ లేడు, గంతే."
మళ్ల చెంబు తిప్పి అడుగు తోమింది.

ఆదివారం.
రేకుల మీద వాన, పాస్టరు గొంతు సగం వినపడుతలేదు.
రొట్టె అడిగినం.
ఆ వరుస వచ్చింది.
నా పక్కన అవ్వ నోరు తెరిచింది.
తుప్పు పట్టిన బోరింగు తొలి నీళ్ల లెక్క
దగ్గుకుంట, ఆగుకుంట,
ఒక్కొక్క మాట, అందరికంటె ఎనుక,
అందరు అయిపోయినంక గూడ ఒక్కతే,
కడదాకా చెప్పింది.
చెప్పుల కాడ ఎవరో ముక్కు చీదిండ్రు.

అప్పుడు తెలిసింది,
ఆ వరుస కాడ
నా నోరు మూసి ఉన్నది.
ఎప్పటి సందో.

అవ్వ నా దిక్కు చూడలే.
పాటల పుస్తకంల పేజీ తీసి
నా చేతుల పెట్టింది.